అమెరికాలో జ్యూరీ డ్యూటీ కవరు వస్తే ఏం చేయాలి?

పిజ్జా కూపన్లు, క్రెడిట్ కార్డు ఆఫర్ల మధ్య ఒకరోజు కోర్టు ముద్రతో ఒక కవరు కనబడుతుంది. పైన ‘జ్యూరీ సమన్స్’ అని ఉంటుంది. కోర్టులో కేసు విని తీర్పు చెప్పే మామూలు పౌరుల బృందమే జ్యూరీ, దానికి రమ్మన్న పిలుపన్నమాట. సమన్స్ అన్న మాట చూడగానే మనవాళ్లలో కొందరికి గుండె జారుతుంది, ఎవరో కేసు పెట్టారేమోనని. ఇంకొందరు ‘మనం సిటిజన్లం కాదుగా, మనకెందుకు’ అని చెత్తబుట్టలో పడేస్తారు. భయపడాల్సిన పని లేదు, అలాగని పారేయనూ కూడదు.

ఇంట్లో పెద్దవాళ్లను అడుగుదామంటే వాళ్లకూ ఈ అనుభవం ఉండదు. మన దేశంలో జ్యూరీ ఎప్పుడో పోయింది. 1959లో నౌకాదళ అధికారి నానావతి మీద పెట్టిన హత్య కేసులో బొంబాయి జ్యూరీ 8-1తో ఆయన నిర్దోషి అంది. జడ్జి ఆ తీర్పు ఒప్పుకోక హైకోర్టుకు పంపితే అక్కడ శిక్ష పడింది. ఆ కేసుతోనే జ్యూరీ రద్దయిపోయిందని చాలామంది చెబుతుంటారు గానీ అది నిజం కాదు. ఆ తర్వాత కూడా కొన్నేళ్లు అక్కడక్కడా నడిచి, 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌తో పూర్తిగా పోయింది. అందుకే మనలో చాలామందికి జ్యూరీ అంటే హాలీవుడ్ సినిమాలో చూసిందే. ఇక కవరు సంగతికి వద్దాం.

ముందు కవరు ఆసాంతం చదవండి

మొదట చూడాల్సింది అది ఏ కోర్టు నుంచి వచ్చిందన్నది. ఎక్కువగా వచ్చేవి కౌంటీ (మన జిల్లా లాంటిది) లేదా స్టేట్ కోర్టువి. ‘యునైటెడ్ స్టేట్స్ డిస్ట్రిక్ట్ కోర్టు’ అని ఉంటే ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ కోర్టు. రెండింటి నియమాలు, ఇచ్చే డబ్బులు, మినహాయింపులు వేరు. పక్కింటాయన చెప్పిన సలహా ఆయనకొచ్చిన కవరుకు సరిపోయిందేమో, మీ కవరుకు సరిపోకపోవచ్చు.

తర్వాత అది ఉత్త ప్రశ్నపత్రమా, తేదీ వేసి రమ్మన్న సమన్సా చూడండి. కొన్ని కోర్టులు ముందు ప్రశ్నపత్రం పంపి, అర్హత ఉందని తేలాక సమన్స్ పంపుతాయి. కొన్ని రెండూ కలిపే పంపేస్తాయి. ‘గ్రాండ్ జ్యూరీ’ అని ఉంటే మాత్రం కాస్త నిమ్మళంగా కూర్చుని చదవాలి. అది నేరం చేశాడా లేదా తేల్చేది కాదు, అసలు కేసు పెట్టడానికి తగిన ఆధారం ఉందా అని చూసేది. ఫెడరల్ గ్రాండ్ జ్యూరీలో 16 నుంచి 23 మంది ఉంటారు, మామూలుగా 18 నెలల దాకా కొనసాగవచ్చు. రోజూ వెళ్లక్కర్లేదు గానీ మధ్యమధ్య వెళ్తూనే ఉండాలి.

జ్యూరర్ (జ్యూరీ సభ్యుడు) నంబరు, గ్రూపు నంబరు, జవాబివ్వాల్సిన గడువు ఎక్కడున్నాయో గుర్తుపెట్టి, కాగితానికి రెండువైపులా ఫోన్‌తో ఫొటో తీసుకోండి. చించి పంపాల్సిన ముక్క మీదే ఆ నంబర్లు ఉంటాయి చాలాసార్లు. అది పోస్టు చేసేశాక, నంబరు ఏదీ అని ఇల్లంతా వెతుక్కునే పని తప్పుతుంది.

సిటిజన్ కాకపోతే: ఇదే అన్నిటికన్నా ముఖ్యం

హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లకు, వాళ్ల కుటుంబానికిచ్చే హెచ్-4 మీద ఇంట్లో ఉన్నవాళ్లకు, గ్రీన్ కార్డు వాళ్లకు ఈ కవరు ఎందుకొస్తుంది? కోర్టులు పేర్లు తీసుకునేది ఓటర్ల జాబితా నుంచి మాత్రమే కాదు. చాలా రాష్ట్రాల్లో డ్రైవింగ్ లైసెన్సు, స్టేట్ ఐడీ జాబితాలు కూడా కలుపుతారు. న్యూజెర్సీ, కాలిఫోర్నియాల్లో రాష్ట్ర ఆదాయపు పన్ను కట్టేవాళ్ల పేర్లు సైతం చేరతాయి. ఆ జాబితాల్లో మీరు ఏ వీసా మీద ఉన్నారో చూసి తీసేసేవాళ్లు ఎవరూ లేరు. కంప్యూటరు పేరు తీస్తుంది, కవరు వస్తుంది. ‘ఓటు నమోదు చేసుకోకపోతే జ్యూరీ బెడద ఉండదు’ అన్న మాట అందుకే తప్పు.

జ్యూరీలో కూర్చోవడానికి అమెరికా పౌరసత్వం తప్పనిసరి. గ్రీన్ కార్డు చాలదు. చట్టబద్ధంగా ఉంటున్న శాశ్వత నివాసులను కూడా జ్యూరీకి అనుమతించే బిల్లును 2013లో కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించింది గానీ గవర్నర్ జెర్రీ బ్రౌన్ సంతకం పెట్టకుండా వెనక్కి పంపేశారు. కాబట్టి మీ జవాబు సులువు: ‘నేను అమెరికా పౌరుణ్ని కాదు’ అన్న గడి దగ్గర టిక్ పెట్టి, సంతకం చేసి, గడువులోగా పంపండి. ఆన్‌లైన్ సౌకర్యం ఉంటే అందులో చేసి, చివర వచ్చే నిర్ధారణ పేజీని దాచుకోండి. గ్రీన్ కార్డు లేదా వీసా నకలు అడిగితే నకలే పంపాలి, ఒరిజినల్ ఎప్పుడూ పంపొద్దు. అంతటితో అయిపోతుంది. మీరు కోర్టుకు వెళ్లక్కర్లేదు, లాయరు అక్కర్లేదు. జవాబు ఇవ్వకుండా ఊరుకుంటేనే ఇబ్బంది. వాళ్ల దృష్టిలో మీరు అర్హత లేనివారు కాదు, పిలిస్తే రానివారు అవుతారు. ఇంకో నోటీసు వస్తుంది, ఆ తర్వాత జరిమానా దాకా పోవచ్చు.

అసలు ప్రమాదం ఇంకొకటుంది. ఆన్‌లైన్ ఫారంలో మొదటి ప్రశ్న ‘మీరు పౌరులేనా?’ అని ఉంటుంది. పని ఒత్తిడిలో ‘అవును, అవును, తర్వాత’ అని చకచకా నొక్కుకుంటూ పోయేవాళ్లున్నారు. అమ్మానాన్నల ఫారం పిల్లలు నింపుతూ అలా నొక్కేయడమూ ఉంది. అమెరికా పౌరుణ్నని తప్పుగా చెప్పుకోవడం ఇమిగ్రేషన్ చట్టంలో చాలా పెద్ద విషయం. గ్రీన్ కార్డుకే ఎసరు రావచ్చు, దేశం నుంచి పంపించే దాకా పోవచ్చు. పౌరసత్వం కోసం నింపే ఎన్-400 ఫారంలో ‘ఎప్పుడైనా పౌరుణ్నని చెప్పుకున్నారా, ఓటరుగా నమోదయ్యారా’ అని అడిగేది ఇందుకే. టెక్సస్‌లో అయితే పౌరులు కానందువల్ల జ్యూరీ నుంచి తప్పుకున్నవాళ్ల జాబితాను కోర్టు క్లర్కు ఓటర్ల నమోదు అధికారికి పంపుతారు. మీరు ఎప్పుడూ ఓటు నమోదు చేసుకోకపోతే దానివల్ల మీకొచ్చే నష్టమేమీ లేదు. డ్రైవింగ్ లైసెన్సులిచ్చే డీఎంవీ ఆఫీసు కౌంటర్లో తెలియక ఓటరు గడి కూడా టిక్ పెట్టామేమో అన్న అనుమానం ఉన్నా, జ్యూరీ ఫారంలో ఇప్పటికే తప్పు నొక్కేసినా, ఫోన్లు చేసి ఏదేదో చెప్పే ముందు ఒక ఇమిగ్రేషన్ లాయరును కలవండి. ఈ ఒక్క విషయంలో మాత్రం స్నేహితుల సలహా చాలదు.

సిటిజన్ అయితే: ఎగ్గొట్టడం కాదు, వాయిదా అడగడం

పౌరసత్వ ఇంటర్వ్యూ కోసం సివిక్స్ (అమెరికా చరిత్ర, ప్రభుత్వం గురించిన) ప్రశ్నలు చదువుకున్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది, పౌరులకు మాత్రమే ఉండే బాధ్యత ఒకటి చెప్పమంటే జవాబుల్లో ఒకటి జ్యూరీ సేవ. ఇప్పుడు ఆ ప్రశ్న పోస్టులో వచ్చిందన్నమాట.

తేదీ కుదరకపోతే మార్చమని అడగవచ్చు. ఇండియా ప్రయాణం, ముందే ఖరారైన ఆపరేషన్, ఆఫీసులో రిలీజ్ వారం, ఏదైనా సరే. చాలా కోర్టులు మొదటిసారి వాయిదాకు పెద్దగా ప్రశ్నలు వేయవు, ఆన్‌లైన్‌లోనే కొత్త తేదీ ఎంచుకోనిస్తాయి. టికెట్లు కొన్నాక కవరు వస్తే వెంటనే అడగండి, విమానం ఎక్కే ముందురోజు దాకా ఆగకండి. రెండోసారి, మూడోసారి అడిగితే మాత్రం అంత తేలిగ్గా ఇవ్వరు.

పూర్తి మినహాయింపు వేరే సంగతి. ఇది రాష్ట్రాన్నిబట్టి మారుతుంది. టెక్సస్‌లో 75 దాటినవాళ్లు, 12 ఏళ్లలోపు పిల్లలను చూసుకునేవాళ్లు (మీరు వెళ్తే పిల్లల్ని చూసే దిక్కు లేకపోతేనే), కాలేజీలో చదువుతూ క్లాసులకు హాజరయ్యే విద్యార్థులు అడగవచ్చు. కాలిఫోర్నియాలో పాలిచ్చే తల్లులకు ఏడాది దాకా వాయిదా ఇస్తారు. ఫెడరల్ కోర్టుల్లో చాలాచోట్ల 70 దాటినవాళ్లు అడిగితే వదిలేస్తారు. మినహాయింపు ఉన్నంత మాత్రాన వెళ్లకూడదని కాదు, వెళ్లాలనుకుంటే వెళ్లొచ్చు.

మన ఇళ్లలో తరచూ కనబడే సందర్భాలు రెండు. ఒకటి, పద్దెనిమిది నిండి కాలేజీకి వేరే రాష్ట్రం వెళ్లిన పిల్లల పేరు మీద ఇంటి అడ్రసుకు కవరు రావడం. ‘వాడు ఇక్కడ లేడు’ అని పక్కన పెట్టేయకండి. ఫొటో తీసి పిల్లలకు పంపి, విద్యార్థినని వాళ్ల చేతే జవాబు రాయించండి. లేదంటే సెలవుల్లోకి వాయిదా అడగమనండి.

రెండోది, పెద్దవాళ్లు. 55 ఏళ్లు దాటి, గ్రీన్ కార్డు వచ్చి 15 ఏళ్లు నిండినవాళ్లు ఇంగ్లీషు పరీక్ష లేకుండా, దుబాసీ సాయంతో తెలుగులోనే సివిక్స్ ప్రశ్నలకు జవాబులు చెప్పి పౌరులు కావచ్చు. అలా సిటిజన్ అయిన అమ్మమ్మగారికీ సమన్స్ వస్తుంది. ఫెడరల్ కోర్టులోనూ, చాలా రాష్ట్రాల్లోనూ ఇంగ్లీషు అర్థం కావడం అర్హతల్లో ఒకటి. ఉన్న పరిస్థితి ఫారంలో రాసి పంపితే చాలు. న్యూమెక్సికో ఒక్కటీ వేరు. అక్కడ ఇంగ్లీషు రాదని జ్యూరీ నుంచి తీసేయరు, దుబాసీని ఇస్తారు. అయితే రోజూ ఇంగ్లీషులోనే క్లయింట్ కాల్స్ నడిపే మనిషి ‘నాకు ఇంగ్లీషు రాదు’ అని రాస్తే ఆ పప్పులేమీ ఉడకవు. మీ ఉద్యోగం ఏమిటన్నది ఆ ఫారంలోనే ఉంటుంది.

ఆఫీసులో చెప్పడం, డబ్బు లెక్క

సమన్స్ రాగానే మేనేజరుకు, హెచ్ఆర్‌కు నకలు పంపండి. ఫెడరల్ జ్యూరీకి వెళ్లినందుకు ఉద్యోగంలోంచి తీసేయకూడదని ఫెడరల్ చట్టం చెబుతుంది. చాలా రాష్ట్రాల జ్యూరీలకూ ఇలాంటి రక్షణే ఉంది. జీతం మాత్రం వేరే కథ. ఆ రోజులకు జీతం ఇవ్వాలని ఫెడరల్ చట్టం ఎవరినీ బలవంతపెట్టదు. మసాచుసెట్స్ లాంటి కొన్ని రాష్ట్రాలు మొదటి మూడు రోజులు యజమానే ఇవ్వాలంటాయి. మీరు ఓవర్‌టైమ్ లేని నెల జీతం ఉద్యోగులైతే ఇంకో ఊరట ఉంది. ఆ వారంలో కొంత పని చేసి ఉంటే, జ్యూరీకి వెళ్లిన రోజులకని జీతం కోయకూడదు. కోర్టు ఇచ్చిన డబ్బు మాత్రం మినహాయించుకోవచ్చు. గంటల లెక్కన పనిచేసే కాంట్రాక్టర్లు, గ్యాస్ స్టేషన్లలో, రెస్టారెంట్లలో పనిచేసేవాళ్లకు ఈ రక్షణ లేదు. నిజంగా ఇల్లు గడవడం కష్టమైతే ఆ మాట కోర్టుకు రాసి, ఆధారం జతచేయండి.

కోర్టు ఇచ్చేది ఎంతంటారా? ఫెడరల్ కోర్టులో రోజుకు 50 డాలర్లు. టెక్సస్‌లో మొదటి రోజు 20, తర్వాత రోజుకు 58. కాలిఫోర్నియాలో మొదటి రోజు ఏమీ ఉండదు, రెండో రోజు నుంచి 15. డౌన్‌టౌన్‌లో పార్కింగ్‌కు కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువే అవుతుంది. అందుకే కోర్టు చెప్పిన పార్కింగ్ ఎక్కడో ముందే చూసుకోండి. ఆ కొద్ది డబ్బుకూ పన్ను ఉంటుంది.

ఆ రోజు

ముందురోజు సాయంత్రం మీ గ్రూపు నంబరు కోర్టు వెబ్‌సైట్లో గానీ, రికార్డు చేసిన ఫోన్ సందేశంలో గానీ చూసుకోవాలి. చాలామంది పని ఇక్కడే అయిపోతుంది: ‘మీ గ్రూపు రానక్కర్లేదు’ అని ఉంటుంది. ఇది చూసుకోకుండా పొద్దున్నే అరవై మైళ్లు డ్రైవ్ చేసుకుని వెళ్లి తిరిగొచ్చినవాళ్లున్నారు.

రమ్మంటే సమన్స్, ఫొటో ఐడీ, ఒక పుస్తకం, చార్జరు, తినడానికి ఏదైనా పట్టుకెళ్లండి. లోపలికి వెళ్లేటప్పుడు ఎయిర్‌పోర్టు తరహాలోనే తనిఖీ ఉంటుంది, చాకులు, కత్తెరలు ఇంట్లోనే ఉంచండి. శాకాహారులైతే కోర్టు క్యాంటీన్‌ను నమ్ముకోవద్దు. పులిహోర డబ్బాకు ఎవరూ అడ్డు చెప్పరు. ఏసీ గట్టిగా ఉంటుంది, స్వెట్టరు ఉంటే మంచిది. సూటు అక్కర్లేదు గానీ షార్టులు, చెప్పులు వద్దు.

తర్వాత పెద్ద హాల్లో కూర్చోబెడతారు. ఒక వీడియో చూపిస్తారు. ఇక ఎదురుచూపే. మధ్యమధ్య క్లర్కు వచ్చి పేర్లు చదువుతారు. గడగడా చదువుకుంటూ పోయిన మనిషి ఒక్కసారిగా ఆగి, కళ్లజోడు సర్దుకుని, కాగితం దగ్గరగా పెట్టుకున్నారంటే అది మన పేరే. ఇంటిపేరు, సొంతపేరు, పాస్‌పోర్టులో ఇరికించిన నాన్నగారి పేరు అన్నీ కలిసి ఒక్క వరుసలో ఉంటాయి మరి. మొదటి అక్షరం వినగానే చెయ్యెత్తేయండి, ఇద్దరికీ హాయి. సాయంత్రం దాకా పేరు పిలవకుండానే పంపించేస్తే, చాలా కౌంటీల్లో ఆ ఏడాదికి మీ బాధ్యత తీరినట్టే.

జడ్జి, లాయర్లు ప్రశ్నలు అడిగేటప్పుడు

పేరు పిలిస్తే కోర్టు గదిలోకి తీసుకెళ్తారు. నిజం చెబుతానని ప్రమాణం చేయిస్తారు. దేవుడి పేరు మీద ప్రమాణం ఇష్టం లేకపోతే ‘ధ్రువీకరిస్తున్నాను’ అంటే సరిపోతుంది. ఆ తర్వాత ఏం పని చేస్తారు, భార్య లేదా భర్త ఏం చేస్తారు, పోలీసుల్లో తెలిసినవాళ్లున్నారా, మీరు గానీ మీవాళ్లు గానీ ఎప్పుడైనా నేరానికి బలయ్యారా, ఇలాంటివి అడుగుతారు.

క్లుప్తంగా, ఉన్నదున్నట్టు చెప్పండి. ఉదాహరణకు, బంగారం ఉంటుందని భారతీయుల ఇళ్ల మీద దొంగలు పడటం అమెరికాలో చాలా ఊళ్లలో జరిగింది. మీ ఇంట్లోనూ అలా పోయి ఉండి, ఇప్పుడు వచ్చిన కేసు దొంగతనందే అయితే ఆ సంగతి చెప్పాలి. ‘అయినా నిష్పక్షపాతంగా వినగలరా?’ అని జడ్జి అడిగితే, మనసులో నిజంగా ఏముందో అదే చెప్పండి. అందరి ముందు చెప్పుకోలేని విషయమైతే, జడ్జితో విడిగా మాట్లాడతానని అడగవచ్చు.

‘ఫలానా జాతివాళ్లంటే నాకు పడదని చెప్పు, పంపించేస్తారు’ అనే చిట్కా మన పార్టీల్లో నవ్వుతూ చెప్పుకుంటారు. నాకైతే అది వినడానికే చిరాకు. ప్రమాణం చేసి అబద్ధం చెప్పడం నేరం, అది అటుంచినా, పదిమంది మధ్య మన మొహం పెట్టుకుని ఆ మాట అనడం ఏం బాగుంటుంది?

ఇరుపక్షాల లాయర్లూ కొందరిని వద్దంటారు. పక్షపాతం ఉందని కారణం చూపి ఎంతమందినైనా వద్దనవచ్చు. కారణం చెప్పకుండా కొద్దిమందినే వద్దనగలరు. జాతిని చూసి అలా తీసేయకూడదని 1986లో, ఆడా మగా చూసి తీసేయకూడదని 1994లో సుప్రీంకోర్టు తేల్చింది. మిమ్మల్ని వద్దంటే చిన్నబుచ్చుకోకండి. ఇంజనీర్లు అక్కర్లేదనుకునే లాయర్లూ ఉంటారు, కావాలనుకునేవాళ్లూ ఉంటారు.

ఎంపికైతే

ఫోన్ విషయంలో గట్టిగా ఉండాలి. కేసు గురించి గూగుల్ చేయకూడదు, జరిగిన చోటుకు వెళ్లి చూడకూడదు, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఒక్క ముక్క రాయకూడదు. ఇంటికొచ్చాక ‘ఏం కేసండీ?’ అని అడిగితే ‘అయ్యాక చెబుతా’ అనాలి, అంతే. ఒక్క జ్యూరర్ ఇంటర్నెట్లో వెతికినా విచారణ మొత్తం మళ్లీ మొదలుపెట్టాల్సి రావచ్చు.

క్రిమినల్ కేసులో సహేతుకమైన సందేహం లేకుండా రుజువు కావాలి. డబ్బు దావాల్లో మామూలుగా ఎవరి వైపు మొగ్గు కాస్త ఎక్కువుంటే చాలు. ఏ కొలత వాడాలో జడ్జి చెబుతారు, వినబడకపోతే మళ్లీ అడగండి. తీవ్రమైన క్రిమినల్ కేసుల్లో జ్యూరీ అంతా ఒక్క మాట మీదికి రావాల్సిందేనని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అందరూ ఒకవైపుంటే ‘నా యాసకు నవ్వుతారేమో’ అని తల ఊపేయకండి. మీకు సందేహముంటే దాన్ని తీర్చడం మిగతావాళ్ల పని. శిక్ష ఎంతన్నది చాలాచోట్ల జడ్జి చూసుకుంటారు. టెక్సస్‌లో ముద్దాయి కోరుకుంటే అదీ జ్యూరీయే నిర్ణయిస్తుంది.

వచ్చేటప్పుడు హాజరు పత్రం అడిగి తీసుకోండి. ఆఫీసుకు కావాలి, మళ్లీ తొందరగా కవరు వస్తే చూపించడానికీ పనికొస్తుంది.

‘మీరు జ్యూరీకి రాలేదు, వారంట్ ఉంది’ అని ఫోన్ వస్తే

ఫోన్ పెట్టేయండి. జ్యూరీ ఎగ్గొట్టినందుకు అరెస్టు వారంట్ ఉందని, గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు చెబితే రద్దు చేస్తామని బెదిరించే మోసం అమెరికా అంతటా ఉంది. నిజం పోలీసు అధికారి పేరే చెబుతారు, ఫోన్లో కౌంటీ నంబరే కనబడేలా చేస్తారు. వీసా టెన్షన్ మీద బతికే మనవాళ్లు దీనికి ఇట్టే దొరికిపోతారు. ఏ కోర్టూ ఫోన్లో డబ్బు అడగదు, సోషల్ సెక్యూరిటీ నంబరు అడగదు. అనుమానం తీరకపోతే కోర్టు వెబ్‌సైట్లో ఉన్న నంబరుకు మీరే ఫోన్ చేయండి.

అసలు ఎప్పుడూ రాకపోతే

ఇరవై ఏళ్లుగా ఉంటున్నా ఒక్కసారీ రానివాళ్లున్నారు, సిటిజన్ అయిన ఏడాదిలోపే రెండుసార్లు వచ్చినవాళ్లూ ఉన్నారు. లాటరీ అంతే. ఫెడరల్ కోర్టులో ‘నేను వస్తాను, పిలవండి’ అని పేరిచ్చుకునే పద్ధతి లేదు, స్టేట్ కోర్టుల్లోనూ ఎక్కువచోట్ల అంతే. కానీ ఇల్లు మారి పాత అపార్ట్‌మెంట్ అడ్రసే లైసెన్సు మీద ఉంటే, మీకు రాలేదనుకుంటున్న కవరు అక్కడికి వెళ్లి ఉండవచ్చు. కాలిఫోర్నియాలో ఇల్లు మారిన 10 రోజుల్లో డీఎంవీకి చెప్పాలి. సిటిజన్లు కానివాళ్లు ఏ రాష్ట్రంలో ఉన్నా ఇమిగ్రేషన్ శాఖకు ఏఆర్-11 అనే అడ్రసు మార్పు ఫారం ద్వారా 10 రోజుల్లోనే విడిగా తెలపాలి. ఒకచోట చెబితే రెండోచోటికి దానంతటది చేరదు.